కత్తిరింపులో కన్నీరు



ఉర్దూ మీడియం బడిలో షేర్లూ వ్యాకరణమూ చెప్పుకునే మేము సినిమా కత్తిరింపు గురించి మాట్లాడడమేమిటని ఇందాక కొందరు పెద్దలు నవ్వారు. నవ్వవచ్చు. కాని మన పిల్లలు ఏలూరులోను, తాడేపల్లిగూడెంలోను వీడియో మిక్సింగు షాపులలో రాత్రింబవళ్ళు కూర్చుంటున్నారు. "ఏదో ఫొటోల పని" అని మనం తేలికగా అనేస్తున్నాం. పిల్లనివ్వడానికి కూడా వెనుకాడుతున్నాం. ఆ పని ఎటువంటిదో నాలుగు మాటలు చెప్పుకోవాలని వచ్చాం.

ఏలూరు వారికి ఎడిటింగు అర్థం కావడానికి తివాచీ ఒక్కటి చాలు. తంగెళ్ళమూడి వైపు మగ్గాలు చూసినవారికి తెలుసు. పడుగు దారానికి ఉన్ని ముడి వేస్తారు, చాకుతో తెంపుతారు, మళ్ళీ ముడి వేస్తారు. ఒక్క ముడిని చూస్తే అది వట్టి రంగు పోగు. పక్క ముడి, దాని పక్క ముడి చేరితేగాని పువ్వు కనిపించదు. సినిమా కూడా అలాంటిదే. ఫిల్ము రోజులలో సెకనుకు 24 బొమ్మల చొప్పున నడిచే రీలును ఎడిటరు చేత్తో పట్టుకొని కత్తిరించి అతికేవాడు. ఇప్పుడు ఆ పని కంప్యూటరు మీద జరుగుతున్నది. పనిముట్టు మారింది, అంతే.

మా పాఠం భాషలో చెప్పాలంటే ఇది షేరు లాంటిది. షేరుకు రెండు మిస్రాలు, అంటే రెండు పాదాలు. రెండింటి మధ్య ఉండవలసిన బంధాన్ని రబ్త్ అంటాం. ఏ పాదానికి ఆ పాదం బాగుండి, రెండూ కలవకపోతే దానిని దో-లఖ్త్ అని తప్పు పడతాం. పెళ్ళి వీడియోలలో సగం దో-లఖ్త్‌లే! పెళ్ళికూతురు తల్లి ఏడుస్తూ ఉంటుంది, అంతలో తెరమీద గులాబీ పువ్వు గిర్రున తిరిగి వస్తుంది. ఆ పువ్వు ఎందుకయ్యా అని అడిగితే "పార్టీ వాళ్ళు ఎఫెక్టులు అడుగుతారు సార్" అంటారు.

మాస్కోలో లెవ్ కులెషోవ్ అనే ఆయన సుమారు నూరేళ్ళ క్రితం ఒక ప్రయోగం చేశాడు. మొజ్జుఖిన్ అనే నటుడి ముఖం, ఏ భావమూ లేనిది, ఒకటే ముక్క తీసుకున్నాడు. దాని పక్కన ఒకసారి సూపు గిన్నె, ఒకసారి శవపేటిక, ఒకసారి ఆడుకుంటున్న పిల్లను పెట్టాడు. చూసినవారు ఆకలి, దుఃఖం, మురిపెం ఎంత బాగా నటించాడని మెచ్చుకున్నారట. ఆయన సహచరుడు పుడోవ్‌కిన్ ఈ సంగతి రాసిపెట్టాడు. ముఖం మాత్రం మారనే లేదు. మన కొల్లేటిలో కూడా ఇది చేసి చూడవచ్చు. ఇప్పుడు పెళ్ళికి ముందే జంటలను ఆటపాక తీసుకుపోయి వీడియోలు తీస్తున్నారు గదా. అమ్మాయి ఊరికే నీళ్ళవైపు చూస్తున్న ముక్క తీసుకోండి. దాని తర్వాత గూడబాతులు గుంపుగా లేచినట్లు పెడితే ఆమె సంతోషంగా ఉన్నట్లు. ఖాళీ దోనె ఒకటి పెడితే ఎవరికోసమో దిగులుపడుతున్నట్లు. ఆ అమ్మాయి నిజానికి భోజనం ఎప్పుడా అని చూస్తూ ఉండవచ్చు!

ఈ విద్యలో మన ప్రాంతానికి సంబంధమున్న పెద్దలు లేకపోలేదు. ఎల్.వి.ప్రసాద్ గారిది ఏలూరు దగ్గరి సోమవరప్పాడు. 1908లో పుట్టారు. మన దేశపు మొదటి టాకీ, మన భాష వినిపించిన "ఆలం ఆరా" 1931లో వచ్చినప్పుడు అందులో చిన్న వేషం వేశారు. అదే ఏడు "కాళిదాస్"లోను, 1932లో తెలుగు "భక్త ప్రహ్లాద"లోను కనిపించారు. ఆయన తమ్ముడు సంజీవి గారు ఎడిటరు. సంజీవి గారి కుమారుడే శ్రీకర్ ప్రసాద్. "రాఖ్" మొదలుకొని ఎన్నో చిత్రాలకు ఎడిటింగులో జాతీయ పురస్కారం అందుకున్నారు. 2022లో అందరూ చూసిన "ఆర్ ఆర్ ఆర్" కూర్పు కూడా ఆయనదే.

అయితే మేము చెప్పదలచినది ఆయన కూర్చిన మరొక చిత్రం, "ఫిరాఖ్". 2008 నాటిది, నందితా దాస్ తీశారు. జాతీయ పురస్కారం వచ్చింది. ఫిరాఖ్ అంటే ఎడబాటు. ఉర్దూలో ఒకదాని ఫిరాఖ్‌లో ఉన్నాడంటే దానిని వెదుకుతున్నాడని కూడా అర్థం. గుజరాత్‌లో 2002 మారణకాండ జరిగిన నెల తర్వాత, ఒక్క రోజులో నడిచే కథ. తండ్రిని వెదుక్కునే కుర్రవాడు, ముసలి సంగీత విద్వాంసుడు, ఇల్లు కాలిపోయిన ఇల్లాలు, ఇలా ఒకరినొకరు ఎరుగని మనుషులు. వీరందరినీ ఒక్క పడుగు మీద నేయడమే ఎడిటరు పని. అందులో ఒక గుజరాతీ గృహిణి ఉంటుంది. ప్రాణభయంతో తలుపు తట్టిన ముస్లిం స్త్రీకి ఆమె తలుపు తీయలేదు. ఇప్పుడు ఆ స్త్రీ రూపం ఇంట్లో ఆమెకు మళ్ళీ మళ్ళీ కనబడుతుంది. మాకు ఆ సినిమాలో నచ్చినది ఇదే. కత్తి, మంట, పరుగులు చూపి మనలను రెచ్చగొట్టలేదు. ఆ తర్వాత మిగిలిన నిశ్శబ్దాన్ని చూపారు, అక్కడ కత్తెర వేయకుండా ఆగారు. అలా ఆగడం సులభమనుకోకండి.

మా వద్ద చదివిన కుర్రవాడొకడు తాడేపల్లిగూడెంలో మిక్సింగు చేస్తున్నాడు. ఒక నికాహ్ వీడియోలో వాడొక పని చేశాడు. రుఖ్సతీ అయింది, కారు వెళ్ళిపోయింది. కారు హారను మాత్రం వినిపిస్తూ ఉంది, తెరమీద పెళ్ళికూతురు తండ్రి. ఆయన ఏడవలేదు. వంటవాళ్ళ పక్కన చతికిలబడి ప్లేట్లు లెక్కపెడుతున్నాడు. తప్పు లెక్కపెట్టి, మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు. పదకొండు సెకన్లు. పాట లేదు, ప్లేట్ల చప్పుడే. పార్టీ వారికి కోపం వచ్చింది. "మా ఇంటి పెళ్ళిలో ఈ ఎంగిలి ప్లేట్లేమిటి, పాట ఏది?" అన్నారు. వాడు తీసేసి పాట పెట్టి ఇచ్చాడు. రెండేళ్ళకు ఆ తండ్రి పోయాడు. చాలీస్వాఁ అయిన వారానికి తల్లి షాపు మెట్లెక్కి, "బేటా, ఆ ప్లేట్ల ముక్క ఉందా?" అని అడిగిందట. ఉంది. వాడు పారెయ్యలేదు, హార్డు డిస్కులో దాచాడు. డబ్బు తీసుకోలేదు.

ఈ కత్తెరతోనే చెడ్డ పని కూడా జరుగుతున్నది. ఒక వక్త "కొందరు ఇలా అంటారు, అది తప్పు" అంటాడు. ఎవరో "అది తప్పు" అన్న రెండు మాటలు తెంపి, ఆ వెనుక తగలబడే బండి బొమ్మ అతికి ఫోనులో వదులుతారు. కులెషోవ్ సూపు గిన్నె ఇదే! చూసినవాడి రక్తం మరుగుతుంది. మనవాళ్ళూ పంపుతున్నారు, అవతలివాళ్ళూ పంపుతున్నారు. ఆ కుర్రవాడే మాకు కిటుకు చెప్పాడు. "మాటకాదు సార్, మాట వెనకాల గది సవ్వడి వినండి. ఫ్యాను చప్పుడు ఉన్నట్టుండి మారినా, ఊపిరి తీసుకోకుండా రెండో వాక్యం మొదలైనా అక్కడ తెంపారన్నమాట." పదో తరగతి పిల్లలకు ఒక పీరియడు ఇదే పాఠం చెప్పాం. గ్రామరుకంటే శ్రద్ధగా విన్నారు.

అందుచేత సంఘం వారిని అడిగేది ఇది. కుట్టు మిషనుకు సాయం చేస్తున్నట్లే, ఎడిటింగు నేర్చుకునే ఇద్దరు ముగ్గురు పిల్లలకైనా ఏటా ఫీజు కట్టండి. ఆడపిల్లలకు ముందు ఇవ్వండి. ఇంట్లో కూర్చొని చేసుకోగల పని ఇది, మన ఇళ్ళ జనానా వీడియోలు ఆడవారి చేతిలోనే కూర్పు కావడం తల్లులకూ ఇష్టమే.

ఇంకొక్క మాట. మన ఇళ్ళలో బీరువాల మీద 1980, 1990ల నాటి పెళ్ళి క్యాసెట్లు పడివున్నాయి. కొల్లేటి చెమ్మకు టేపు బూజుపట్టి అతుక్కుపోతున్నది. వాటిని కంప్యూటరులోకి ఎక్కించి పెడతానని మా కుర్రవాడు ఒప్పుకున్నాడు. ఇంటిపేరు, పెళ్ళి సంవత్సరం చీటీమీద రాసి అంటించి తెండి. ఎండలో ఆరబెట్టవద్దు, టేపును చేత్తో లాగవద్దు. ఆదివారం జొహర్ నమాజు తర్వాత మేము బడిలోనే ఉంటాం.