కొండెక్కే రేడియోకు ఇంత బరువెందుకు?



1977 నవంబరు 19 ఉప్పెన రోజున మన తీరంలో టెలిఫోను స్తంభాలు కూలి కబురందలేదు. అందుకే మన కుర్రవాళ్ళు లైసెన్సు తీసుకుని, హామ్ రేడియో సాధనకు కొండలెక్కుతుంటే సంతోషం. కాని మడత బల్ల, కుర్చీలు, కారు బ్యాటరీ, రెండో సెట్టు దేనికి నాయనా? అక్కరలేని కాగితాలతో ఫైలు లావైతే అసలు కాగితం దొరకదు.

ఎత్తే సగం పని చేస్తుంది. 100 మీటర్ల ఎత్తు నుంచి చూపు సుమారు 36 కిలోమీటర్లు సాగుతుంది. అక్కడ 5 వాట్ల చేతి సెట్టు చాలు. దూరాలకైతే 14 మెగాహెర్ట్జ్‌లో చిన్న సెట్టుకు సుమారు 10 మీటర్ల రాగితీగ సరిపోతుంది. మంచినీళ్ళు, అదనంగా చిన్న బ్యాటరీ, కాగితం, పెన్సిలు మాత్రం మరువరాదు.

వరద నీటిలో నడవాల్సిన రోజున భుజం మోయగలిగిందే పనికొస్తుంది. సెలవు.