హాజరు పట్టీలో పేరు లేని పరికరం

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"నువ్వు చేసే పని గురించి పది నిమిషాలు మాట్లాడు, కానీ అందరికీ అర్థమయ్యేలా మాట్లాడు" అన్నారు మన కార్యదర్శి గారు. ఆ రెండో షరతే నాకు కష్టం. అందుకని పాఠం చెప్పను, మన స్కూల్లో జరిగిన సంగతే చెబుతాను.

2009 వేసవిలో మనం చందాలు వేసుకుని లైబ్రరీ గదిలో పన్నెండు పాత కంప్యూటర్లు పెట్టాం, గుర్తుందా? ఇంటర్నెట్ కనెక్షన్ హెడ్మాస్టరు గారి గదిలో ఉంది. మధ్యలో ఆటస్థలం. తీగ లాగితే ఒక్క వానాకాలం కూడా ఉండదని, యూఎస్‌బీ వైర్‌లెస్ అడాప్టర్లు పన్నెండు కొన్నాం. వేలెడంత ఉంటాయి, వెనక గుచ్చితే చాలు. లైసెన్సులకు డబ్బు లేక కంప్యూటర్లలో ఫ్రీబీఎస్‌డీ వేశాం. అది యూనిక్స్ కుటుంబానికి చెందినది. ఉచితం, పైగా దాని సోర్స్ కోడ్ మొత్తం ఎవరైనా చదువుకోవచ్చు.

పన్నెండు అడాప్టర్లకూ ఒకే పెట్టె, ఒకే బొమ్మ, ఒకే మోడల్ నంబరు. ఎనిమిది పనిచేశాయి. నాలుగు చేయలేదు. కొన్న దుకాణంలో అడిగితే "విండోస్‌లో పనిచేస్తాయండీ" అన్నారు. కంపెనీకి రాస్తే జవాబే లేదు.

డ్రైవర్ అంటే ఏమిటో ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. కంప్యూటర్ భాష వేరు, పరికరం భాష వేరు. మధ్యలో ఉండే దుబాసీ డ్రైవర్. యూఎస్‌బీ పరికరాన్ని గుచ్చగానే అది రెండు సంఖ్యలు చెబుతుంది. ఒకటి తయారీదారు సంఖ్య, రెండోది వస్తువు సంఖ్య. ఇలాంటి అడాప్టర్ల డ్రైవర్ దగ్గర ఒక హాజరు పట్టీ ఉంటుంది. ఆ జంట సంఖ్య పట్టీలో ఉంటే "ఇది నాది" అని డ్రైవర్ దాన్ని తీసుకుంటుంది. లేకపోతే పరికరం ఎంత మంచిదైనా గుమ్మం బయటే.

తీసుకున్నాక అసలు పని మొదలు. పరికరంలోని చిన్న జ్ఞాపకం నుంచి దాని నెట్‌వర్క్ చిరునామా, ఏ ఛానల్లో ఎంత శక్తితో ప్రసారం చేయాలన్న లెక్కలు చదువుతుంది. కొన్ని చిప్‌లకు ఫర్మ్‌వేర్ అనే చిన్న ప్రోగ్రాం కూడా ఎక్కించాలి, అంతవరకూ అవి నోరు విప్పవు. ఆజ్ఞలు ఒక దారిలో, సమాచారం ఇంకో దారిలో నడపాలి. ఇవన్నీ తెలియాలంటే చిప్ ఏ రిజిస్టర్‌లో ఏ విలువ రాస్తే ఏం చేస్తుందో తయారీదారు చెప్పాలి. చెప్పకపోతే చీకట్లో తడుముకోవడమే.

ఆ ఎనిమిది అడాప్టర్లలో ఉన్నది తైవాన్ కంపెనీ రాలింక్ చేసిన చిప్. దాని డ్రైవర్ పేరు 'రమ్' (నవ్వకండి, పేరే అంత!). అది మొదట ఓపెన్‌బీఎస్‌డీ అనే వ్యవస్థ కోసం పుట్టింది. డామియన్ బెర్గమీనీ, నీల్ ఓహిగ్గిన్స్ రాశారు. 2006లో వచ్చిన ఓపెన్‌బీఎస్‌డీ 4.0లో చేరింది. దానికి ముందు రాలింక్ పాత యూఎస్‌బీ చిప్ కోసం బెర్గమీనీ 'యూరల్' అనే డ్రైవర్ రాశారు, అది 2005లో 3.7 విడుదలతో వచ్చింది. ఎవరైనా వాడుకోండి, మా పేరు మాత్రం తీసేయకండి అన్నదే వాటి షరతు. అందుకే అవి ఫ్రీబీఎస్‌డీకి వచ్చాయి, అక్కణ్ణించి మన లైబ్రరీకి వచ్చాయి.

ఇది తేలిగ్గా జరగలేదు. ఆ రోజుల్లో ఓపెన్‌బీఎస్‌డీ స్థాపకుడు థియో డి రాట్ వైర్‌లెస్ చిప్ కంపెనీలన్నిటినీ వెంటపడి అడిగారు. "మీ పరికరం వివరాలు ఇవ్వండి, ఫర్మ్‌వేర్‌ను మేం పంచుకోవడానికి అనుమతించండి" అన్నదే కోరిక. కొందరు ఇచ్చారు. కొందరు రహస్య ఒప్పందం మీద సంతకం పెట్టమన్నారు. కొందరు మూసేసిన కోడ్ ముద్ద ఒకటి ఇచ్చి ఇదే వాడుకోమన్నారు. లోపల ఏముందో చదవలేని కోడ్‌ను కెర్నల్లో పెట్టబోమని ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు గట్టిగా నిలబడ్డారు. ఆ కృషిని ప్రస్తావిస్తూనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ 2004 సంవత్సరపు పురస్కారాన్ని డి రాట్‌కు ఇచ్చింది.

మళ్లీ మన నాలుగు అడాప్టర్ల దగ్గరికి వద్దాం. ఒకదాని మూత విప్పి చూశాను. లోపల అదే రాలింక్ చిప్! వస్తువు సంఖ్య మాత్రం కొత్తది, పట్టీలో లేదు. సోర్స్‌లో రెండు ఫైళ్లలో ఒక్కో వరుస చేర్చాను. ఆ పాత యంత్రం మీద కెర్నల్ కంపైల్ కావడానికి గంటకు పైనే పట్టింది. ఈలోగా అటెండర్ గారు టీ రెండుసార్లు తెచ్చారు. తిరిగి గుచ్చగానే అడాప్టర్ దీపం వెలిగింది, తెరమీద మన నెట్‌వర్క్ పేరు కనిపించింది. అలాగే రెండోదీ లేచింది. మిగతా రెండిట్లో చిప్పే వేరు. పట్టీలో పేరు రాసినంత మాత్రాన రాని భాష రాదు కదా! అవి ఇప్పటికీ లైబ్రరీ బీరువాలోనే ఉన్నాయి.

ఇంకో ముచ్చట. వారం తిరక్కుండానే ఒక ఏడో తరగతి పిల్లవాడు పని నడుస్తుండగా అడాప్టర్ ఊడబెరికాడు. కంప్యూటర్ కొయ్యబారిపోయింది. తప్పు వాడిది కాదు. యూఎస్‌బీ అంటేనే ఎప్పుడైనా పీకే హక్కు ఉన్నది. పరికరం వెళ్లిపోయాక కూడా డ్రైవర్‌లో ఒక భాగం దాని కోసం దాచిన చోటును ముట్టుకుంటే, ఆకు తీసేశాక పులుసు వడ్డించినట్టే. డ్రైవర్ రాసేవాడి సమయంలో చాలా భాగం ఇలాంటి వాటికే పోతుంది. పరికరం మాట్లాడటం ఒక ఎత్తు, అది చెప్పకుండా లేచిపోతే తట్టుకోవడం ఇంకో ఎత్తు.

నేను చేర్చిన ఆ రెండు వరుసలనూ ఫ్రీబీఎస్‌డీ నిర్వాహకులకు పంపాను. ఇంకో ఊళ్లో ఇంకొకరు ఇదే అవస్థ పడకూడదని. నేను చేసింది అంతే. మిగతా వేల వరుసలు ఎవరెవరో రాసి మనకు వదిలిపెట్టినవి.

అందుకని పూర్వ విద్యార్థులకు ఒక మనవి. స్కూలుకు వస్తువు ఇచ్చేటప్పుడు పెట్టె మీది పేరు చూసి ఇవ్వకండి. లోపలి చిప్ ఏదో, దాని డ్రైవర్ తెరిచి ఉన్నదో లేదో కనుక్కుని ఇవ్వండి. తెలిసిన వివరాలు ఒక కాగితం మీద రాసి వస్తువుతో పాటు పెట్టండి. ఉపాధ్యాయులకు ఒక మనవి. బీరువాలోని ఆ రెండు అడాప్టర్లనూ పారేయకండి. మూత విప్పి చూడాలనే పిల్లలు ఎవరైనా ఉంటే వాళ్ల చేతికివ్వండి.

చివరగా ఒక మాట. నేను ఈ స్కూల్లో ఎనిమిదో తరగతిలో చేరింది సెప్టెంబరులో. మా నాన్నగారి బదిలీ వల్ల టీసీ ఇంకా రాలేదు. పది రోజులు హాజరు పట్టీలో నా పేరు లేదు. అప్పటి మా క్లాస్ టీచర్ గారు నన్ను బయట నిలబెట్టలేదు. పట్టీ అడుగున పెన్సిల్‌తో నా పేరు రాసి, "కాగితం వచ్చినప్పుడు వస్తుంది, నువ్వు కూర్చో" అన్నారు. ఆ రోజు లైబ్రరీలో ఆ రెండు వరుసలు టైపు చేస్తుంటే నాకు ఆయనే గుర్తొచ్చారు. ఇవాళ ఆయన మొదటి వరుసలో కూర్చుని ఉన్నారు. మాస్టారూ, మీకు నమస్కారం.