పటములోని పక్షి, పొదలోని పక్షి



పక్షిని చూచి ఆనందించుట మానవునకు స్వభావసిద్ధము. దాని ఈకల రంగును, ముక్కు వంపును, కాలి పొడవును ఉన్నవి ఉన్నట్లు లిఖించి, ఎన్నడును దానిని చూడనివారు సైతము గుర్తింపగల్గునట్లు చేయుట మాత్రము సాధనచే అబ్బెడు విద్య.

ఈ విద్య ఉత్తరాపథమునకు క్రొత్తది కాదు. జహంగీరు చక్రవర్తి కొలువులో మన్సూరు అను చిత్రకారుడుండెను. 1612లో గోవానుండి వచ్చిన వింతవస్తువులలో ఒక టర్కీ కోడి యుండెను. చక్రవర్తి దాని రూపమును తన స్వీయచరిత్రలో వర్ణించెను. మన్సూరు దానిని చిత్రించెను. ఆ కోడి జన్మస్థానము అమెరికా.

రెండు శతాబ్దముల పిమ్మట ఆ అమెరికాలోనే ఈ విద్య మహోన్నతి నందెను. అలెగ్జాండరు విల్సను 1808లో తన పక్షిశాస్త్ర గ్రంథ ప్రచురణము నారంభించెను. తరువాత జాన్ జేమ్స్ ఆడుబాను 1827 మొదలు 1838 వరకు 435 పటములను వెలువరించెను. ప్రతి పక్షియు దాని నిజప్రమాణముననే యుండవలెనని ఆయన పట్టుదల. అందుచే కాగితము మూడడుగులకు మించిన పొడవు కలదయ్యెను. పొడవైన పక్షులు మెడలు వంచికొని యుండుటకు కారణ మిదియే.

ఆయన చిత్రించిన వానిలో ప్రయాణపు పావురము ఒకటి. ఆ పావురములు గుంపులుగా ఎగురునపుడు సూర్యబింబము మరుగుపడెడిదట! వేట వలనను, అడవుల నరికివేత వలనను అవి క్షీణించి, 1914 సెప్టెంబరు 1వ తేదీన సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో చివరి పావురము మరణించెను. పటము మిగిలినది; పక్షి మిగులలేదు.

ఇట్టి కథ తెలుగుదేశమునను కలదు. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు టి. సి. జర్డను నెల్లూరులో పనిచేయుచు, పక్షులను గూర్చియు ఇతర జీవులను గూర్చియు యానాదులను అడిగి తెలిసికొనెడివాడు. 1843-47 నడుమ మద్రాసులో ఆయన వెలువరించిన పక్షిచిత్ర గ్రంథమున 50 పటములు కలవు. వానిలో పలుచిత్రములు భారతీయ చిత్రకారుల చేతిపని. పాశ్చాత్య పండితులు వానిని మెచ్చుకొనిరి. గ్రంథకర్త పేరు లోకమున నిలిచినది. కుంచె పట్టిన వారి పేర్లు గాని, పొదల గుట్టు చెప్పిన యానాదుల పేర్లు గాని ప్రసిద్ధికి రాలేదు.

జర్డను పేరు ధరించిన పక్షి ఒకటి 1848లో శాస్త్రలోకమున కెక్కెను. రొమ్ముపై రెండు పట్టెలు గల ఈ రాత్రించరము కలివికోడి. 1900లో అనంతపురము ప్రాంతమున కనబడిన పిదప అది అదృశ్యమయ్యెను. నశించినదనియే పండితులు తలచిరి. కాని 1986 జనవరిలో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునకు చెందిన భరత్ భూషణ్ అన్వేషణ ఫలించి, కడప జిల్లాలో అది తిరిగి లభించెను. దానిని చీకటిలో పట్టి తెచ్చినవాడు ఒక గ్రామీణుడే. శాస్త్రజ్ఞులు లేదనుకొన్న పక్షిని పల్లెవాడు ఎరుగును!

ఆ పిమ్మట 1988లో లంకమల ప్రాంతమున అభయారణ్య మేర్పడెను. 2005లో తెలుగుగంగ కాలువ పనులు దాని నివాసమును సమీపింపగా వివాదము చెలరేగెను. రాయలసీమ పొలములకు నీరు వలయును. కలివికోడికి పొదలు వలయును. తుదకు కాలువ మార్గమును మార్చిరి. అనగా, రెండును సాధ్యమే. ముందుగా ఆలోచించు ఓర్పు వలయును. అయినను ఈ పక్షి కంటబడుట నేటికిని మిక్కిలి అరుదు.

ఢిల్లీలో ఉద్యోగరీత్యా నివసించు తెలుగు కుటుంబములకు ఈ విషయము దూరమైనది కాదు. ఇచ్చట 1950లోనే పక్షివీక్షకుల సంఘము వెలసెను. ఉషా గంగూలీగారు రచించిన ఢిల్లీ పక్షుల గ్రంథము 1975లో వెలువడెను. యమునాతీరమున ఓఖ్లా పక్షి అభయారణ్యము కలదు. తోటలలో జెముడుకాకి, పొలిమేరలలో పాలపిట్ట కనబడుచునే యున్నవి. వానిని బిడ్డలకు చూపి, తెలుగు పేరు చెప్పి, ఒక కాగితమును పెన్సిలును చేతికిచ్చుట తల్లిదండ్రులకు వ్యయము లేని పని. తెలియని పేరు తాతనో అమ్మమ్మనో అడిగి తెలిసికొనవచ్చును. అడిగినవారి పేరుతోపాటు, చెప్పినవారి పేరును కూడ ఆ కాగితముపై వ్రాయించుట న్యాయము.