ట్రాక్టరు బ్యాటరీ మార్చేటప్పుడు



దమ్ము చేసే రోజులు. తాళం తిప్పితే ట్రాక్టరు టిక్కు టిక్కుమంటుంది. స్టార్టు కాదు. తీగలు తుడిచి బిగించారు. ఛార్జింగు పెట్టించారు. మర్నాడు మళ్లీ అదే తంతు. అంటే బ్యాటరీ పని అయిపోయిందన్నమాట. కొత్తది వేయాలి.

పాతదాని మీద 12 వోల్టులు అని ఉంటే కొత్తదాని మీదా అలాగే ఉండాలి. ఇది చదివి చూసుకోవాలి.

బ్యాటరీ మీద రెండు గుర్తులుంటాయి. + అంటే ప్లస్. – అంటే మైనస్. మామూలుగా మైనస్ తీగ ట్రాక్టరు ఇనుముకు కలిసి ఉంటుంది. అందుకే ఇంజను ఆపి, మైనస్ ముందు విప్పాలి. బిగించేటప్పుడు మైనస్ చివర. వరస తప్పితే, ప్లస్ మీద ఉన్న పానా ఇనుముకు తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. బ్యాటరీ గ్యాసు అంటుకుని పేలవచ్చు. దగ్గర బీడీ కాల్చరాదు.

లోపల యాసిడ్ ఉంటుంది. ఒంటి మీద పడితే వెంటనే ధారగా నీళ్లు పోయాలి. కంట్లో పడితే బాగా కడిగి డాక్టరు దగ్గరకు పోవాలి.

మరి పాత బ్యాటరీ ఏం చేయాలి? అందులో సీసం పలకలుంటాయి. సీసం విషం. పసిపిల్లల మెదడుకు చేటు. పెరట్లో పగలగొట్టకూడదు, కరిగించకూడదు. ఆ డబ్బాలో నీళ్లు పట్టకూడదు. పాత బ్యాటరీలను సేకరించే బాధ్యత తయారుచేసేవాళ్లదేనని 2022 నియమాలు చెబుతున్నాయి. కాబట్టి పాతది దుకాణంలోనే ఇచ్చి, దాని ధర తగ్గించమని అడగాలి.

గ్యారంటీ కార్డు మీద తేదీ, ముద్ర ఉన్నాయా? చదవండి. చదివాకే డబ్బులివ్వండి.