ఉన్నత పాఠశాలలో తొలి సంవత్సరము



విద్యార్థులారా! పల్లెబడి ముగించి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలోని ఉన్నత పాఠశాలలలో క్రొత్తగా చేరెడు బాలునకు మొదటి శత్రువు కఠినమైన పాఠము కాదు, సంకోచము. అడిగినచో తోడివారు నవ్వుదురేమోయని యతడు వెనుక బల్లపై మౌనముగా కూర్చుండును. నేడు తెలియని దొకటి మిగిలిన రేపది రెండగును. ఏడాది తిరుగునప్పటికి లెక్కలును, ఇంగ్లీషును అందకపోవును. తుదకు కొందఱు బడియే మానుదురు.

‘శ్రీ శివభారతము’ రచించిన గడియారము వేంకటశేషశాస్త్రిగారును, ‘శివతాండవము’ రచించిన పుట్టపర్తి నారాయణాచార్యులవారును ప్రొద్దుటూరిలో బాలురకు తెలుగు బోధించినవారే. అట్టి గురువులు లభించినను, అడిగినవానికే విద్య యబ్బును. పెన్న యిసుకలో నీరున్నను, చెలమ త్రవ్వినవానికే గదా దక్కును!

కావున విద్యార్థి ప్రతిసాయంకాలము తనకు తెలియని విషయ మొక్కటియైనను వ్రాసికొని, మఱునాడు ఉపాధ్యాయు నడుగవలెను. తరగతిలో సిగ్గగునేని విరామమున నడుగవచ్చును. తెలిసినదానిని తోడివానికి చెప్పవలెను. చెప్పినగాని లోపము బయటపడదు.

పాఠ్యపుస్తకముతో తృప్తిపడరాదు. పుట్టపర్తివారు బాల్యముననే ‘పెనుగొండలక్ష్మి’ రచించిరి. తరువాత వారు విద్వాన్ పరీక్షకు కూర్చుండగా ఆ కావ్యమే పాఠ్యగ్రంథమై యుండెను! అందఱును కవులు కానక్కఱలేదు. ఆదివార మొక గంట గ్రంథాలయమున గడిపిన చాలును.

తల్లిదండ్రులకును ఒక విన్నపము. వేరుసెనగ పెఱికెడు దినములలో పిల్లలను బడి మాన్పింపవలదు. ఆ పంట మరల వచ్చును. పోయిన పాఠము రాదు.