‘తిన్నవా బిడ్డా’ అని ఒక్క మెసేజి పెట్టుండ్రి

(జూనియర్ కాలేజీ విద్యార్థుల తల్లిదండ్రుల సమావేశంలో అధ్యాపకుల తరఫున చేసిన ప్రసంగం)



మార్కుల గురించి మాట్లాడుతమని పిలిచినం గని, ఇయ్యాల మేం సెల్‌ఫోన్ ముచ్చట పెడ్తం. ఫోన్లతోని పిల్లలు ఖరాబైతున్నరని మీరంటరు. కొంత నిజమే. గని అదే ఫోన్ల ఇంటోళ్లతోని వాళ్లు మాట్లాడేదెంత?

మన కరీంనగర్, నిజామాబాద్ దిక్కు శానా ఇండ్లల్ల బాపు గల్ఫ్‌ల ఉంటడు. ఒకప్పుడు ఆయన మాటలు క్యాసెట్ల నింపి పంపితె ఇంటిల్లిపాది చుట్టు కూసొని ఇన్నది. తర్వాత ఎస్‌టీడీ బూత్ వచ్చింది, సెల్ వచ్చింది. ఎస్సెమ్మెస్‌ల ఇంగ్లీషు అక్షరాలైతె 160 పడ్తయి, తెలుగువైతె 70 మాత్రమే. అందుకే పిల్లలు తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాలల్ల కొట్టుడు నేర్సిండ్రు. అది బాపుకు సదవరాదు. మెసేజి దోస్తులకే మిగిలింది.

ఇగ ఫోన్ చేస్తె ఏమైతది? సౌదీ గడియారం మనకన్న రెండున్నర గంటలు ఎనుక. ఆయన డ్యూటీ దిగి, వండుకొని ఫోన్ పట్టెసరికి అక్కడ తొమ్మిది, ఇక్కడ పదకొండున్నర. శుక్రవారం మాట్లాడితె ఫోన్ చేతులు మారి మారి కొడుకు కాడికొస్తది. ‘సదువుతున్నవా?’ ‘ఆఁ.’ ‘పైసలందినయా?’ ‘ఆఁ.’ అయిపాయె!

మా కాడ సెకండియర్ పిలగాడొకడు ఫస్టియర్ల రెండు సబ్జెక్టులు తప్పిండు. మూడు నెలలు ఇంట్ల చెప్పలే. మొఖం చూసి చెప్పుడు చాతగాక, ఒకనాడు రాత్రి బాపుకు వాయిస్ మెసేజి పెట్టిండు. తెల్లారెసరికి జవాబు: ‘ఫీజు కట్టు, మల్ల రాయి. తిన్నవా?’ అది మాకు ఇనిపించుకుంట వాడు ఏడ్సిండు. పాత క్యాసెట్టే మల్లొచ్చినట్టు గాదా!

2019ల ఇంటర్ ఫలితాలప్పుడు మన రాష్ట్రంల పలువురు పిల్లలు ప్రాణాలు తీసుకున్నరు. మార్కులల్ల దొర్లిన తప్పుల మీద కొట్లాట వేరే, దాన్ని ఇడ్సిపెట్టేది లేదు. మేం అడిగేది చిన్నది. బిడ్డ నోరు తెరిచేటందుకు ఇంట్ల ఒక్క తొవ్వ ఉండాలె.

గని మెసేజిని పోలీసు పహరా చెయ్యకుండ్రి. ‘యాడున్నవ్, ఎవలతోని ఉన్నవ్’ అని దినాం పదిసార్లడిగితె వాడు చూసుడే బంజేస్తడు. తిట్టు మెసేజి అసలే వద్దు. నోటితోని తిట్టింది గాలికి పోతది, ఫోన్ల పడ్డది రాత్రి పూట మల్ల మల్ల ఇంటడు. బిడ్డ మాటల భయమో, బతుకు మీద ఇరక్తో కనబడితె మెసేజితోని సరిపెట్టకుండ్రి. ఎంబటే ఫోన్ చెయ్యిండ్రి, దగ్గరున్నోళ్లు ఉరికి పోవాలె, మాకూ చెప్పాలె.

చాయ్ తయారున్నది. వాయిస్ మెసేజి పెట్టుడు రానోళ్లు ఎవలన్న ఉంటె సిగ్గుపడకుండ్రి. మీ పిల్లలు బయట వరండల కూసున్నరు, వాళ్లనే నేర్పుమనుండ్రి.