కతోలిక నీతి: మన కూలి, మన వైద్యము, మన పెండ్లిండ్లు

(మేత్రాసన శతాబ్ది ఉత్సవాల సందర్భమున గృహస్థుల సదస్సులో చదివిన ప్రసంగ పాఠము)



మాకిచ్చిన అంశము పెద్దది. కతోలిక నీతి ఆర్థిక జీవనము మీద, వైద్యము మీద, కుటుంబము మీద ఏ ప్రభావము చూపినదో చెప్పమన్నారు. మూడింటినీ సమానముగా తూచి పంచడము ఈ కొద్ది సమయములో సాధ్యము కాదు. డబ్బు సంగతే ఎక్కువ చెబుతాము. కారణము ఒక్కటే: మన గుడులలో ఆ మాట తక్కువగా వినబడుతుంది.

నీతి అనగానే మనలో చాలామందికి ఆరవ ఆజ్ఞ ఒక్కటే గుర్తుకు వస్తుంది. దొంగిలరాదు అన్న ఏడవ ఆజ్ఞ కన్నాలు వేసేవారి కోసమని అనుకుంటాము. కాని మన సత్యోపదేశములో పరలోకము వైపు మొరపెట్టే పాపములని కొన్నింటిని వేరుగా చెబుతారు. నరహత్య అందులో ఒకటి. కూలివానికి రావలసిన కూలి ఎగవేయడము కూడా ఆ వరుసలోనే ఉన్నది. నరహత్య పక్కన కూర్చోబెట్టిన ఈ పాపాన్ని పాపసంకీర్తనములో ఎందరము చెప్పుకుంటున్నాము? కోతలు కోయించి, డబ్బు సంక్రాంతి దాటాక ఇస్తామన్నవారు ఆ ఆదివారము కూడా సత్ప్రసాదము స్వీకరిస్తూనే ఉన్నారు.

1891 మే 15న 13వ లియో జగద్గురువులు ‘రేరుం నోవారుం’ అను విశ్వలేఖ వెలువరించారు. అప్పటి ఐరోపాలో బొగ్గు గనులు, నూలు మిల్లులు మనుషులను పిండి వేస్తున్నాయి. సొంత ఆస్తి అన్నదే ఉండరాదని ఒక పక్షము, కూలి రేటు బజారే తేల్చుకుంటుంది మధ్యలో ఎవరూ రాకూడదని మరొక పక్షము వాదిస్తున్నాయి. జగద్గురువులు ఇద్దరి మాటా అంగీకరించలేదు. సొంత ఆస్తి మనిషి హక్కే అన్నారు. అయితే కూలివాడు సరేనన్నంత మాత్రాన ఆ కూలి న్యాయమైపోదని గట్టిగా చెప్పారు. గత్యంతరము లేక, ఇంకా కష్టము వస్తుందన్న భయముతో తల ఊపినవాడు ఒప్పుకున్నట్టు కాదు, బలాత్కారానికి లోబడినట్టే. పొదుపుగా బతికే పనివానికి బతుకు గడిచేంత కూలి ఇవ్వడము ఏ ఒప్పందము కన్నా ముందున్న ధర్మమన్నారు. పనివారు సంఘము కట్టుకోవడము వారి సహజ హక్కు అన్నారు.

ఈ మాట మన ఊళ్లకు తెచ్చి చూడండి. నాట్ల కాలములో ముఠా మేస్త్రీ ముందుగా బయానా ఇస్తాడు. ఆ బయానా పిల్లవాని జ్వరానికో, ఇంటి కప్పుకో అయిపోతుంది. ఇక ఆ ముఠాలోని ఆడమనిషి రేటు గురించి నోరెత్తగలదా? ఒకే చేలో మగకూలి ఒకటి, ఆడకూలి ఒకటి. అదేమిటంటే “అందరూ ఇచ్చేదే మేమూ ఇస్తున్నాము” అంటారు. ఆ జవాబు 1891లోనే చెల్లకుండా పోయింది.

నలభై ఏండ్ల తరువాత 1931లో 11వ భక్తినాథ జగద్గురువులు, కూలి అంటే పనివాడు ఒక్కడికే కాదు, వాని కుటుంబానికి చాలవలెనని స్పష్టము చేశారు. అమెరికాలో జాన్ రయన్ అను గురువు 1906లో జీవనవేతనము మీద గ్రంథమే వ్రాసి, కనీస వేతన చట్టాల కోసము జీవితమంతా పాటుపడ్డారు. 1981లో 2వ జాన్ పాల్ జగద్గురువులు ఇంకొక అడుగు వేశారు. ఒక దేశపు ఆర్థిక వ్యవస్థ న్యాయమైనదా కాదా అని తెలుసుకోవాలంటే అక్కడి పనివానికి న్యాయమైన జీతము అందుతున్నదా అని చూడాలన్నారు. మన రాజ్యాంగము 43వ అధికరణములో కూడా జీవనవేతనమన్న ఆశయమున్నది. 2025 మే నెలలో ఎన్నికైన 14వ లియో జగద్గురువులు ఆ పేరు ఎందుకు పెట్టుకున్నారో చెబుతూ ఈ 1891 నాటి లేఖనే తలచుకున్నారు. నాడు మిల్లులు తెచ్చిన ప్రశ్ననే నేడు కృత్రిమ మేధ మళ్లీ తెస్తున్నదని వారి చింత.

ఇక్కడ ఒక కటువైన మాట చెప్పక తప్పదు. పెద్దలు మన్నించాలి. న్యాయము గురించి లోకానికి చెప్పేవారు ముందు లోకము కండ్ల ఎదుట తాము న్యాయముగా ఉండాలని 1971లో రోములో జరిగిన మేత్రాణుల సభ ప్రకటించింది. శ్రీసభలో పనిచేసేవారి జీతాలను, వారి హక్కులను ఆ సభ ప్రత్యేకించి ప్రస్తావించింది. 1983 నాటి శ్రీసభ చట్టములో 1286వ సూత్రము ఇంకా సూటిగా ఉన్నది. శ్రీసభ ఆస్తులు చూసేవారు దేశములోని కార్మిక చట్టాలను శ్రీసభ బోధన ప్రకారము పాటించవలెను, పనివారికి తమ అవసరాలు, తమవారి అవసరాలు తీరేటంత జీతము ఇవ్వవలెను. మరి మన బడిలో ఆయమ్మ, మన ఆసుపత్రిలో ఊడ్చే మనిషి, మన హాస్టలులో వంటమనిషి, మన ఉపదేశి? “ఇది సేవ, జీతము కాదు” అన్న మాట వింటూ ఉంటాము. గురువులు, మఠకన్యలు సేవకే అంకితమైనవారు, వారికి భార్యాబిడ్డలు లేరు. ఉపదేశికి ఉన్నారు. ఆయన చిన్నదానికి ఫీజు కట్టాలి, పెద్దవానికి చెప్పులు కొనాలి. సేవ అన్న పవిత్రమైన మాటను జీతము తగ్గించడానికి వాడరాదు. ఏ సంస్థ పేరూ చెప్పము. వినేవారికి తెలుసు.

ఇక వైద్యము. ఇందులో మన తెలుగునేల గర్వించదగిన చరిత్ర ఉన్నది. ఆస్ట్రేలియా దేశములో 1887లో పుట్టి, మెల్బోర్నులో వైద్యవిద్య ముగించిన మేరీ గ్లౌరీ 1920 ఫిబ్రవరిలో గుంటూరు చేరారు. యేసు మరియ యోసేపుల సభలో చేరి మఠకన్య అయ్యారు. ఆ రోజులలో మఠకన్యలు డాక్టర్లుగా పనిచేయడానికి శ్రీసభ నియమాలు ఒప్పేవి కావు. జగద్గురువులు 15వ బెనెడిక్టు ప్రత్యేక అనుమతి ఇచ్చారు. పరదా చాటున ఉండి మగ డాక్టరుకు నాడి కూడా చూపించని స్త్రీలు పురుడు పోసుకోలేక చనిపోతున్న కాలమది. గుంటూరులో, చుట్టుపక్కల పల్లెలలో ఆమె దశాబ్దాల పాటు వైద్యము చేశారు, నర్సులను, మందులు కలిపేవారిని తయారు చేశారు. రోము నియమము సడలినది 1936లో. మఠకన్యలు వైద్యము, మంత్రసానితనము నేర్చి చేయవచ్చునన్న ఆదేశము ఆ ఏడు ఫిబ్రవరిలో వచ్చింది. అంటే మన గుంటూరులో పదహారేండ్లుగా జరుగుతున్న పని అప్పటికి అందరికీ తెరుచుకున్నది. నియమము మీద ప్రేమకు నియమానికి లోబడే దారి దొరికిందని మేము దీనిని చూస్తాము. 1943లో ఆమె ప్రారంభించిన కతోలిక ఆసుపత్రుల సంఘము నేడు సికింద్రాబాదు కేంద్రముగా మూడు వేలకు పైగా వైద్యసంస్థలను కలుపుతున్నది. 1957లో ఆమె బెంగుళూరులో కన్నుమూశారు. 2013లో శ్రీసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది.

ప్రాణము విషయములో శ్రీసభ బోధ మనకు తెలిసినదే. గర్భములోని శిశువు ప్రాణము, మంచము పట్టిన ముసలివాని ప్రాణము దేవునివి. ఆడశిశువని తెలుసుకుని తీయించుకోవడము 1994 చట్టము ప్రకారము నేరము కాకముందే పాపము. ఇది చెప్పనక్కరలేదు. కాని మరొక సగము బోధ మనవారికి అందడము లేదు, దాని వలన ఇండ్లు ఆరిపోతున్నాయి. ఎనభై ఏండ్ల తండ్రిని ఐ.సి.యు.లో పెడతారు. బాగుపడే ఆశ లేదని డాక్టరే అంటాడు. అయినా యంత్రము తీయించడము పాపమేమోనన్న భయముతో కొడుకు అరెకరము అమ్ముతాడు. 1957 నవంబరులో 12వ భక్తినాథ జగద్గురువులు మత్తువైద్యుల సభలో ఈ ప్రశ్నకు జవాబు చెప్పారు. మామూలు సాధనాలు వాడడము మనిషి విధి, అసాధారణమైన సాధనాలు వాడి తీరవలెనన్న నిర్బంధము లేదు. 1980లో రోము వెలువరించిన ప్రకటన, కుటుంబము మీద మోయలేని ఖర్చు పడకూడదని కోరుకోవడము కూడా న్యాయమైన కారణమేనన్నది. చావు తెప్పించడము వేరు, వచ్చే చావుకు దారి ఇవ్వడము వేరు. నొప్పి తగ్గించే మందు, నోరు తడపడము, పక్క శుభ్రము చేయడము, అభ్యంగన సంస్కారము, ఇవి మాత్రము చివరి దాకా మానరాదు. రోగి మంచము దగ్గరకు వచ్చే గురువులు ఈ నాలుగు మాటలు కుటుంబానికి చెబితే ఎన్నో పొలాలు మిగులుతాయి, ఎందరో కొడుకుల మనస్సాక్షి నెమ్మదిస్తుంది.

కుటుంబము గురించి చెప్పాలంటే సంతాననియమము నుండి మొదలుపెట్టడము ఆనవాయితీ. 1968 జూలైలో వచ్చిన ‘హుమానే వితే’ లేఖ గురించి ఎన్నో సభలలో చర్చించారు. ఒక్క సంగతి మాత్రము గుర్తు చేస్తాము. ఈ సాధనాలు ప్రభుత్వాల చేతిలో పడితే ప్రజల మీద బలవంతముగా రుద్దే ప్రమాదమున్నదని 6వ పౌలు జగద్గురువులు ఆ లేఖలోనే హెచ్చరించారు. ఎమర్జెన్సీ కాలములో, 1976-77 ఒక్క సంవత్సరములో మన దేశములో 80 లక్షలకు పైగా కుటుంబనియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. అందులో ఎందరిని బలవంతముగా లాక్కుపోయారో పెద్దవారికి జ్ఞాపకముండే ఉంటుంది.

మేము చెప్పదలచినది పెండ్లి గురించి. జ్ఞానవివాహాన్ని కట్టేది వధూవరుల సమ్మతి. తండ్రి కాదు, కులపెద్ద కాదు, చివరికి గురువు కూడా కాదు, ఆయన శ్రీసభ తరఫున సాక్షి. 1563లో త్రెంతు మహాసభ దొంగచాటు పెండ్లిండ్లను ఆపడానికి గురువు, సాక్షుల ఎదుటనే పెండ్లి జరగాలని నియమించింది. తల్లిదండ్రుల అనుమతి లేని పెండ్లి చెల్లదని చెప్పమని కొందరు పట్టుబట్టినా ఆ సభ ఒప్పుకోలేదు. నాలుగు వందల అరవై ఏండ్ల కిందటి మాట ఇది! మన ఇండ్లలో ఆ సమ్మతికి ముందు రెండు ప్రశ్నలు అడుగుతారు: ఏ కులము, ఎంత కట్నము. కులము సంగతి మన మేత్రాణుల సమాఖ్య 2016లో దళితుల అభ్యున్నతి విధానాన్ని ప్రకటిస్తూ దాచకుండా ఒప్పుకున్నది. 2022లో హైదరాబాదు అగ్రపీఠాధిపతులు పూల ఆంతోని గారు కార్డినలు అయినప్పుడు, దళితులలో మొదటి కార్డినలు మనవారేనని అందరము సంతోషించాము. ఆ సంతోషము సంబంధాలు చూసేటప్పుడు ఎక్కడికి పోతున్నది?

కట్నము 1961 నుండి నేరము. అయినా ప్రధానము నాడు పెద్దమనుషులు గది తలుపు వేసుకుని తేల్చేది అదే. ఆడపడుచు లాంఛనాలు, బండి, బంగారము. ఆ తరువాత పీఠము ముందు నిలబడి, స్వేచ్ఛగా వచ్చారా అని గురువు అడిగితే వచ్చామంటారు.

ఆసుపత్రి బిల్లు, కట్నము, ఈ రెండూ వెళ్లి ఆగేది వడ్డీవ్యాపారి గడపలోనే. అందుకే చివరకు వడ్డీ దగ్గరకు వస్తున్నాము. ధర్మవడ్డీ అన్న మాట మన భాషలోనే ఉన్నది. అయిదు రూపాయల వడ్డీ అంటే నూటికి ఏడాదికి అరవై. 1179లో మూడవ లాతరాను మహాసభ, బాహాటముగా వడ్డీవ్యాపారము చేసేవారికి సత్ప్రసాదము, క్రైస్తవ భూస్థాపన లేవని శాసించింది. తరువాతి కాలములో అప్పు ఇచ్చినవాని నష్టానికి, ఖర్చుకు తగిన ప్రతిఫలము తీసుకోవచ్చునని శ్రీసభ వివరించింది, పేదవాని అవసరాన్ని పిండుకోవడము మాత్రము నేటికీ పాపమే. అయితే తిట్టి ఊరుకుంటే పేదవానికి అప్పు ఎక్కడ పుడుతుంది? 1462లో ఇటలీలోని పెరూజియాలో ఫ్రాన్సిస్కను గురువులు చందాలు పోగు చేసి, తాకట్టు మీద చిన్న రుసుముతో అప్పు ఇచ్చే నిధి తెరిచారు. ఆ రుసుము కూడా వడ్డీయేనని తోటి గురువులే తగువు పెట్టారు. 1515లో అయిదవ లాతరాను మహాసభ, నిధి నడపడానికి అయ్యే ఖర్చు తీసుకోవడము తప్పు కాదని తీర్చింది. కెనడాలోని కెబెక్కులో అల్ఫోన్సు దెజార్దాఁ అను గృహస్థుడు, భార్య దొరిమెనుతో కలిసి, విచారణ గురువుల అండతో 1900 డిసెంబరులో ప్రజల పొదుపు సంఘము స్థాపించాడు. మొదటి వసూలు 26 డాలర్ల 40 సెంట్లు. నేడది ఆ దేశములోని పెద్ద ఆర్థికసంస్థలలో ఒకటి.

మన దగ్గర 2010లో ఏమి జరిగిందో మరువరాదు. సూక్ష్మరుణ సంస్థల వారపు వసూళ్లు తట్టుకోలేక పల్లెలలో ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. ఆ అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి ఆ వసూళ్లకు కళ్లెము వేయవలసి వచ్చింది. ఆ సంస్థలు వెనుదిరిగిన చోట పాత వడ్డీవ్యాపారి మళ్లీ అరుగు ఎక్కాడు. వారిలో మన విచారణల పెద్దలు కొందరు లేరని అనగలమా?

శతాబ్ది జ్ఞాపకార్థము స్వాగత ద్వారము కట్టడానికి చందాలు వసూలవుతున్నాయి. ద్వారము వద్దనము. ఆ చందాలలో పదవ వంతు తీసి, పెట్టుబడిగా ఉంచి, ప్రతి విచారణలోను ఒక పరస్పర పొదుపు సంఘము రిజిస్టరు చేయించమని కోరుతున్నాము. ఆసుపత్రికి, చదువుకు అప్పు ఇవ్వాలి, కట్నానికి ఇవ్వరాదు. లెక్కలు మూడు నెలలకొకసారి గుడి వాకిట్లో పలక మీద వ్రాయాలి. అదే పలక మీద, విచారణలో జీతానికి పనిచేసేవారికి ఏమిస్తున్నామో కూడా వ్రాస్తే మంచిదని మా అధ్యయన వర్గము అభిప్రాయము. ముసాయిదా నియమావళి తయారుగా ఉన్నది. తపస్కాలానికి ముందు జరిగే విచారణ మండలి సమావేశాలలో దీనిని చర్చకు పెట్టవలసినదిగా గురువులను ప్రార్థిస్తున్నాము.